ఆ ‘నేను’ ఎవరు?

స్టాటిస్టిక్స్ పాఠం సగంలో ఉండగా, బోర్డు పక్కన నిలబడిన సైగల దుబాసీ గొంతు విప్పింది.

“సార్, నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్తారా?”

లెక్చరర్ సుద్దముక్కను బల్ల మీద పడేశాడు. “నీకే అర్థం కాకపోతే ఇంక ఆ అమ్మాయికేం చెప్తావమ్మా?”

క్లాసంతా గొల్లున నవ్వింది. మొదటి బెంచీలో ఉన్న, చెవులు వినబడని అమ్మాయి ముఖం మాడిపోయింది. నిజానికి అడిగింది ఆ పిల్లే. ఆమె చేతులతో అడిగినదాన్ని ‘నేను’ అంటూ ఉన్నదున్నట్టు పలకడం దుబాసీ పని. సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క మింగకూడదు. అందుకే తనకు పడిన చీవాట్లను కూడా తానే పొల్లుపోకుండా సైగల్లో చెప్పింది.

మొదటి రోజే దుబాసీ ఈ పద్ధతి వివరించబోతే, “అవన్నీ తర్వాత” అని కొట్టిపారేశాడు ఆ పెద్దమనిషి. అంత చదివినవాడికి ఈ చిన్న సంగతి తట్టకపోతే ఒళ్లు మండదా చెప్పండి! తను చేయి కదిపితే దుబాసీ అక్కకు తిట్లు, ఊరుకుంటే తనకు పాఠం లేదు. ఆ పిల్ల అడగడమే తగ్గించేసింది.

చివరికి, పాఠం రాని దుబాసీని మార్చమని లెక్చరర్ ఫిర్యాదు చేశాడు. మార్చడానికి ఇంకొకరు లేరు. ఆమె వెళ్తే ఈ పిల్ల చదువు అంతటితో సరి.

ప్రిన్సిపాల్ క్లాసుకే వచ్చి దుబాసీ వైపు చూశాడు. “ఏమ్మా, మీకు పాఠం అర్థం కావడం లేదట?”

దుబాసీ అలవాటుగా ఆ ప్రశ్నను సైగ చేసింది. అమ్మాయి కంగారుగా చేతులు కదిపింది. దుబాసీ పలికింది.

“తప్పు నాదే సార్. అర్థం కానిది నాకే.”

“విన్నారా! తనే ఒప్పుకుంది!” అన్నాడు లెక్చరర్.

దుబాసీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మాయి చివాలున లేచింది. సుద్దముక్క అందుకుని బోర్డు నిండా రాసింది: “ఆ ‘నేను’ నేనే సార్.” దాని కింద తన రోల్ నంబరు వేసింది.

ప్రిన్సిపాల్ అది చదివి అమ్మాయి వైపు తిరిగాడు.

“చూడాల్సింది గొంతు వైపు కాదు మాస్టారూ, మాట ఎవరిదో వాళ్ల వైపు. ఆ తప్పు నేనూ చేశాను,” అన్నాడు ప్రిన్సిపాల్.

లెక్చరర్ దుబాసీ వైపు తిరిగి, “ఆ అమ్మాయిని అడుగు...” అని నాలుక కరుచుకున్నాడు. బెంచీ దగ్గరికి నడిచి, అమ్మాయి కళ్లలోకి చూశాడు.

“నీకు ఎక్కడి నుంచి అర్థం కాలేదమ్మా?”

ఆమె చేతులు కదిలాయి. వెనక నుంచి దుబాసీ గొంతు వినిపించింది.

“మొదటి రోజు నుంచీ సార్. మీరు నన్ను అడిగింది ఇవాళేగా!”