వీధి దాటిన గుడ్డు

భర్త ఎవేలియో తిండి మాట ఎత్తి ఎన్నాళ్లయిందో లెక్క పెట్టడం ఓనేలియా మానేసింది. చికున్‌గన్యా వచ్చింది, పోయింది. పోతూ పోతూ ఆ మనిషి నోట్లోని రుచినంతా మూటగట్టుకుని పోయింది. జ్వరం దిగింది, మోకాళ్ల వాపు సగం తీసింది, అయినా ఆయన గుమ్మం దగ్గర ఊగుడు కుర్చీలో కూర్చుని, ఏం పెట్టినా "తర్వాత తింటాలే" అనేవాడు. ఆ తర్వాత అనేది ఎప్పటికీ వచ్చేది కాదు. చల్లారిన సూపు ఓనేలియాయే తాగేసి, గిన్నె కడిగే వంకతో వంటింట్లో నిలబడి ఏడ్చేది. శాంతియాగో రేవులో బతుకంతా బస్తాలు మోసిన మనిషి ఇప్పుడు చెంచా పట్టుకోమంటే వేళ్లు ముడవలేక వదిలేస్తున్నాడు. ఎవరికీ చెప్పకుండా మెల్లగా సెలవు తీసుకుంటున్నాడేమోనని ఆవిడ భయం.

అటువంటిది, ఆ పొద్దున వీధిలో టమాటాల బండి పోతుంటే ఎవేలియో దాని వెనకే తల తిప్పాడు. బండి మలుపు తిరిగేదాకా చూశాడు. చూసి, ఇంట్లోకి వినబడేలా అడిగాడు.

"పిల్లా, టమాటా వేసి గుడ్డు చేసిపెడతావా?"

ఓనేలియా చెప్పులు కూడా వేసుకోలేదు. దిగువకి పోతున్న బండి వెనక పరుగెత్తి, బాగా పండిన వాటిని రెండు ఏరి, కొంగులో పెట్టుకున్నట్టు గౌను అంచులో పెట్టుకుని వచ్చింది. గుడ్డు ఇంట్లోనే ఉంది, బియ్యం డబ్బాలో, బియ్యం మధ్యన. అదొక్కటే ఉంది. ఇక కావలసింది వేడి. అక్కడే వచ్చింది చిక్కు. గ్యాసు సిలిండరు ఖాళీ అయి నెలలు గడిచాయి. పెరట్లో బొగ్గు ఉంది కాని రాత్రి వానకి నానిపోయి, ముట్టిస్తే పొగ తప్ప నిప్పు రానంటోంది. మిగిలింది మైక్రోవేవ్. దానికి కరెంటు కావాలి.

తివోలీ పేటలో కరెంటు కొత్తల్లుడి లాంటిది. ఎప్పుడొస్తుందో చెప్పదు, వచ్చాక ఎందుకు అలిగిందో చెప్పకుండా వెళ్లిపోతుంది. ఈ వీధిది మరీ విచిత్రం. ఎదురు వరస ఇళ్లు ప్రసూతి ఆసుపత్రి లైను మీద ఉన్నాయి, అక్కడ దీపం ఆరదు. ఇటు వరస వాళ్లు ఏ పుణ్యం తక్కువ చేసుకున్నారో, వాళ్లకు ఏ ఆసుపత్రీ తగల్లేదు. అందుకని పొద్దుగూకితే ఒకే వీధిలో అటువైపు పాటలు వినబడేవి, ఇటువైపు దోమల్ని కొట్టుకునే చప్పుడు వినబడేది. చీకటి వైపు వాళ్లు ఫోన్లు, నీళ్ల సీసాలు పట్టుకుని వెలుగు వైపుకి తిరుగుతూనే ఉండేవారు, ఛార్జింగుకనీ ఐసుకనీ. ఒక్క ఓనేలియా మాత్రం ఏనాడూ వీధి దాటలేదు.

కారణం ఆ మైక్రోవేవే. స్పెయిన్ వెళ్లిపోతూ ఓ స్నేహితురాలు ఇచ్చిపోయింది. ఇటు వరసలో అలాంటిది ఇంకోటి లేదు. కరెంటు వచ్చిందంటే చాలు, నాలుగిళ్ల వాళ్లూ పళ్లాలు పట్టుకుని ఆవిడ గుమ్మంలోకి వచ్చి "ఆఖరెవరు?" అని అడిగేవారు. ఆ ఊళ్లో వరస అంటే అంతే, ఎవరూ ఒకరి వీపు ఒకరు రాసుకుంటూ నిలబడరు. ఆఖరు మనిషి ఎవరో తెలుసుకుంటే ఆ మనిషి వెనక నువ్వు, ఆ తర్వాత నీ ఇష్టం వచ్చిన చోట కూర్చోవచ్చు. ఆ మాట అడగవలసిన అవసరం లేనిది ఇంటావిడ ఒక్కతే. ముందు ఆవిడ గిన్నె, ఆ తర్వాతే వీధి గిన్నెలు. జనం తన గుమ్మానికి వస్తారు, తను ఒకరి గుమ్మానికి పోదు అన్నది ఓనేలియాకి పూసల దండ వేసుకున్నంత ఇష్టమైన సంగతి. పెట్టే చెయ్యి ఆవిడది. చాచే చెయ్యి ఎలా ఉంటుందో ఆవిడ మరిచిపోయింది.

టమాటా కడిగి తుడిచేసరికి వీధిలో కేక వినబడింది. కరెంటు వచ్చింది. ఓనేలియాకి ప్రాణం లేచొచ్చింది. పెద్ద కాఫీ కప్పులో రెండు చుక్కల నూనె తిప్పి, టమాటా సన్నగా తరిగి వేసి, ఉల్లిపాయ తొడిమ దగ్గర మిగిలిన ముక్క కూడా గీరి వేసి, చిటికెడు ఉప్పు చల్లి ముందు దాన్ని లోపల పెట్టింది. టమాటా మెత్తబడి నీరు వదిలాక గుడ్డు పగలగొట్టి, ఫోర్కుతో నురగ వచ్చేదాకా గిలక్కొట్టింది. ఇంకో గుడ్డు ఉంటే చెయ్యి అంత జాగ్రత్త పడేది కాదేమో. పెంకులో అంటుకున్న తెల్లసొన కూడా వేలితో తుడిచి కప్పులో వేసింది.

ఆ మైక్రోవేవ్‌కి దాని జబ్బులు దానికున్నాయి. తలుపు పట్టదు, అరచేత్తో నొక్కి పట్టుకోవాలి. లోపలి పళ్లెం తిరగదు, సగంలో ఆపి కప్పుని మనమే తిప్పాలి. ఓనేలియా నొక్కి పట్టుకుంది. అంచుల్లో గుడ్డు పసుపుపచ్చగా పొంగడం మొదలైంది. ఆపింది, కలిపింది, కప్పు తిప్పింది, మళ్లీ నొక్కింది. అప్పుడు లోపలి దీపం ఆరిపోయింది.

మళ్లీ వెలుగుతుందేమోనని ఆవిడ చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడింది. వీధి పొడుగునా నిట్టూర్పులు వినబడ్డాయి, ఎవరో కరెంటు పుట్టుపూర్వోత్తరాలు తిడుతున్నారు. తలుపు తీసి చూస్తే అంచులు ఉడికి, మధ్యలో గుడ్డు ఇంకా జారుగానే ఉంది. ముందుగదిలోంచి కుర్చీ కిర్రుమన్న చప్పుడు. ఎవేలియో ముక్కుతో గాలి పీలుస్తున్నాడు. వాసన తగిలింది ఆయనకి. తగిలి, కరెంటు పోయిందని కూడా తెలిసింది.

"పోనీలే పిల్లా," అన్నాడు. "తర్వాత తింటాలే."

గుడ్డు పోతే ఎవరినో అడిగి తెచ్చుకోవచ్చు. ఇన్నాళ్లకి పుట్టిన ఆ ఆకలి పోతే దాన్ని ఎవరిని అడిగి తెస్తుంది? ఓనేలియా కప్పు మీద సాసరు మూసి, తల దువ్వుకోకుండా, ఆయనకేమీ చెప్పకుండా గుమ్మం దిగింది. ఆ వీధి వెడల్పు ఎంతని? అటునుంచి ఇటు ఒక మేక నాలుగు గెంతుల్లో దాటుతుంది. ఓనేలియాకి మాత్రం ఆ పొద్దున అది సముద్రమంత అనిపించింది.

ఎదురింటి ఇదాల్మిస్ గోళ్లకు రంగులు వేసే మనిషి. గొంతు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. ఓనేలియా తమ గుమ్మం తొక్కదని ఆవిడకి ఎప్పటినుంచో చిన్న కినుక. పేరు కూడా పెట్టింది, రాణీగారని. ఇప్పుడు రాణీగారు జుట్టు రేగిపోయి, కప్పు పట్టుకుని ఎదురుగా నిలబడేసరికి ఇదాల్మిస్ తలుపుకి ఆనుకుని చేతులు కట్టుకుంది.

"ఇవాళ ఎటు పొడిచాడు సూర్యుడు? రాణీగారు కోట దిగారే."

ఓనేలియా వస్తూ వస్తూ మర్యాదగా ఏవో మాటలు కూడబలుక్కుంది. అవన్నీ వదిలేసి కప్పు ముందుకి చాచింది.

"మా ఆయన గుడ్డు అడిగాడు," అంది.

ఇదాల్మిస్ చేతులు విడిపోయాయి. ఎవేలియో తినడం లేదన్న సంగతి ఆ వీధిలో తెలియనిదెవరికి? కప్పు మీది సాసరు ఎత్తి చూసింది, ఇక వేళాకోళం ఆడలేదు. తన కరెంటు పొయ్యి మొన్న ఓల్టేజీ పెరిగి మాడిపోయిందని చెప్పింది. కుక్కరు ఒకటుంది, దాన్నిండా సగం వీధి వాళ్ల బీన్స్ ఉడుకుతున్నాయి, ఇంకో గంట దాన్ని కదిలించడానికి లేదు. ఓనేలియా తల వంచుకుని సరేనని వెనక్కి తిరగబోయింది.

"ఎక్కడికి?" అంది ఇదాల్మిస్. "నా దగ్గర కరెంటుంది, పెట్టె లేదు. నీ దగ్గర పెట్టె ఉంది, కరెంటు లేదు. కాళ్లు మనకున్నాయి కదత్తా."

ఆవిడ ఒక్క కేక పెడితే కొండ దిగువదాకా వినబడుతుంది. పెట్టింది. సైకిల్ రిక్షా తొక్కే ఒస్మానీ గడ్డం సగం గీసుకుని, సగం సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చాడు, ఎవరో పడిపోయారనుకుని. సంగతి విని ఓనేలియా వంటింట్లోకి పోయి, మైక్రోవేవ్‌ని రెండు చేతులా గుండెకి హత్తుకుని బయటికి తెచ్చాడు. వెనక వేలాడుతున్న తీగ నేల మీద రాసుకోకుండా ఇదాల్మిస్ పట్టుకుంది, పెళ్లికూతురి వెనక ముసుగు అంచు పట్టుకున్నట్టు. ముందర ఓనేలియా, కప్పు మీద అరచెయ్యి మూసి, ఎవరూ తగలకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టి నడిచింది. మోటారుసైకిలు మీద పోతున్న ఒకాయన బండి ఆపాడు. వీధి మలుపులో ముసలమ్మ ఒకావిడకి చూపు సరిగా ఆనదు, ఏదో అమ్మవారి ఊరేగింపనుకుని సిలువ గుర్తు వేసుకుంది.

అప్పుడు వినబడింది వెనకనుంచి నవ్వు. ముందు దగ్గులా మొదలై, గరగరమని, చివరికి నవ్వయింది. ఓనేలియా వెనక్కి తిరిగి చూసింది. కుర్చీలో ఎవేలియో రేవులో నవ్వినట్టు నవ్వుతున్నాడు, వంకర వేళ్లతో కళ్లు తుడుచుకుంటూ.

"జాగ్రత్తరా ఒస్మానీ," అని అరిచాడు, "అది నాకంటే బరువు."

ఓనేలియాకి కళ్లనిండా నీళ్లొచ్చి వీధి కనబడలేదు. ఆ నవ్వు ఒక్కటి చాలు, గుడ్డు వండినా వండకపోయినా ఈ వీధిలో వాళ్లందరికీ తను జన్మంతా రుణపడిపోయానని అనుకుంది. విచిత్రమేమిటంటే, అలా అనుకుంటే ఆవిడకి చిన్నతనం అనిపించలేదు.

ఇదాల్మిస్ గోళ్ల రంగుల సీసాలన్నీ ఒక చేత్తో పక్కకి తోసేసి బల్ల ఖాళీ చేసింది. తీగ గుచ్చగానే పెట్టెలో దీపం వెలిగింది. ఓనేలియా తలుపు నొక్కి పట్టుకుని, ఇలా అరచేత్తో పట్టుకోవాలనీ, సగంలో ఆపి కప్పు ఇటునుంచి అటు తిప్పాలనీ, గుడ్డు పొంగి కప్పు అంచుకి రాగానే ఆపెయ్యాలనీ, మిగతాది దాని వేడికి అదే ఉడుకుతుందనీ చెప్పింది. ఇన్నాళ్లూ ఆ కిటుకులు ఎవరికీ చెప్పలేదు. టమాటా ఎర్రనీరు పీల్చుకుని గుడ్డు మెత్తగా, ఎర్రెర్రగా పొంగింది. ఇదాల్మిస్ రేషనులో వచ్చిన తన వంతు రొట్టె సగం తుంచి సాసరులో పెట్టింది. వద్దనబోయిన ఓనేలియా నోరు మూసుకుని తీసుకుంది.

ఇంటికి తెచ్చి ఇస్తే ఎవేలియో మొదటి ముద్ద రొట్టెతోనే తీసుకున్నాడు, చెంచా పట్టు దొరకక. నమిలాడు. రెండోది తీసుకున్నాడు. ఓనేలియా ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చుని ఆయన కంఠం కదలడాన్నే చూసింది. కప్పు అడుగు రొట్టెముక్కతో తుడిచి, వేళ్లు నాక్కుని, అప్పుడు తలెత్తాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన ఉప్పు తక్కువైందని అన్నప్పుడల్లా ఓనేలియా ఒంటికాలి మీద లేచేది. ఆ పొద్దున మాత్రం ఆయన తల రెండు చేతుల మధ్య పట్టుకుని, నుదుటి మీద చప్పుడయ్యేలా ముద్దు పెట్టి, రేపు ఎక్కువ వేస్తానంది. రేపు అన్న మాటకి ఆయన వద్దనలేదు.

కాసేపటికి కప్పు కడుక్కుని మైక్రోవేవ్ తెచ్చుకుందామని మళ్లీ వీధి దాటింది. ఇదాల్మిస్ ఇంట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు. వార్త ఎలా పాకిందో, చీకటి వైపు వాళ్లంతా రాత్రి మిగిలిన అన్నాలు, పిల్లల పాలు పట్టుకుని వచ్చేశారు. ఒకావిడ తలుపు నొక్కి పట్టుకుని ఉంది, అచ్చం ఓనేలియా చెప్పినట్టే. ఓనేలియాని చూడగానే అందరి మొహాలూ కాస్త చిన్నబోయాయి. ఇదాల్మిస్ చప్పున లేచి, పెట్టె నీదే అత్తా, ఒస్మానీతో ఇప్పుడే పంపించేస్తానంది. ఆ పెట్టె తిరిగి వెళ్లాక అందులో దీపం మళ్లీ ఎప్పుడు వెలుగుతుందో అక్కడున్న ఎవరికీ తెలియదు. ఓనేలియాకీ తెలియదు. పాలసీసా పట్టుకుని తన వంతు కోసం చూస్తున్న చంటిపిల్ల తల్లి ఆవిడ వైపు చూడకుండా నేల చూస్తోంది.

"ఉండనీ," అంది ఓనేలియా. "ఇక్కడే ఉండనీ."

ఇంటికొచ్చాక వంటింటి బల్ల మీద పెట్టె ఉన్న చోట దుమ్ము గీత కనబడింది. తడిగుడ్డతో తుడిచేసింది. మనసులో కాస్త చివుక్కుమంది, అలా అనకపోతే మనిషే కాదు. ముందుగదిలోంచి ఎవేలియో ఎదురింటి పాటకి కూనిరాగం తీస్తుంటే ఆ నొప్పి ఎక్కడికి పోయిందో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే ఎవరో గుమ్మంలో గుడ్డు పెట్టి పోయారు. ఇదాల్మిస్ పెరట్లో కోడి ఉందని ఓనేలియాకి తెలుసు, అడగలేదు. నిన్నటి రెండో టమాటా తరిగి కప్పులో వేసింది, ఉప్పు ఒక చిటికెకి రెండు చిటికెలు వేసింది. వీధి దాటి ఇదాల్మిస్ గుమ్మంలో నిలబడింది. లోపలా, అరుగు మీదా, మెట్ల మీదా, కిటికీలోనూ జనం. ఎప్పుడూ విన్న మాటే, తన నోటితో ఎప్పుడూ అననిది, ఆవిడ గొంతు సవరించుకుని అంది.

"ఆఖరెవరు?"

కొందరు లేచి ఆవిడకి దారి ఇవ్వబోయారు. పెట్టె ఆవిడదే కదా, ముందు ఆవిడే కానివ్వాలని. అప్పుడు మూలనుంచి ఒక చెయ్యి లేచింది, ప్రతి గోరుకీ ఒక రంగు ఉన్న చెయ్యి. తన ఇంట్లో, తన కరెంటు ముందు, తన కప్పు ఒళ్లో పెట్టుకుని వంతు కోసం కూర్చుంది ఇదాల్మిస్.

"నేనే అత్తా," అంది. "రా, నా వెనక నువ్వు."

ఓనేలియా వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది.