కొట్టినవాళ్ళు గేటు బయట

ఆదివారం పొద్దున ఇడ్లీ కుక్కరు కింద మంట తగ్గించి, వంటింటి గడప మీద కూర్చుని లోహిత్ బూట్లకు పాలిష్ వేస్తున్నాను. పన్నెండేళ్ళ వెధవాయి, మంచం దిగకుండానే "అమ్మా, నీళ్ళు" అని కేకేశాడు. హాల్లోంచి వాళ్ళ నాన్న "కాఫీ ఏమయిందోయ్" అన్నారు. నా రెండు చేతులకూ నల్లరంగు. నేనూ టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం చేసేదాన్నే, నాకూ వారానికి ఒక్కటే ఆదివారం. ఆ మాట పైకి అనడం ఎప్పుడో మానేశాను.

కాఫీ ఇస్తుంటే సాసర్లో నాలుగు చుక్కలు ఒలికాయి. మా ఆయన ఉదయ్ భాస్కర్ వేళ్ళు మడిచి నా నెత్తిన టక్కున మొట్టికాయ వేసి, "మొద్దూ, చూసుకోవా" అని నవ్వారు. కోపంతో కాదు, ఆయన ఎప్పుడూ కోపంతో మొట్టరు. పెళ్ళయిన కొత్తలో కాకినాడలో అందరి ముందూ మొట్టినప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగితే, మా అత్తగారు "వాడి ముద్దు అలాగే ఉంటుందమ్మా, చంటిపిల్లలా ఏడుస్తావేం" అన్నారు. ఆ తర్వాత చుట్టాల ముందు, ఆఫీసు స్నేహితుల ముందు, వాళ్ళ భార్యల ముందు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. నవ్వకపోతే సరదా తెలియని మనిషినట. నెత్తి మీది నొప్పి క్షణంలో పోతుంది కానీ, తెచ్చిపెట్టుకున్న ఆ నవ్వు సాయంత్రం దాకా నన్ను విసిగిస్తూనే ఉంటుంది.

హైటెక్ సిటీ బిల్డింగులో ఆయనకు ఉద్యోగం వచ్చాక మేం శేరిలింగంపల్లికి మారాం. వాళ్ళ మేనేజరు పిల్లలు గుర్రపుస్వారీ నేర్చుకుంటున్నారని మావాడినీ చేర్పించారు. చేర్పించింది ఆయన, ప్రతివారం బూట్లూ టోపీ నీళ్ళసీసా మోసుకుని తీసుకెళ్ళేది నేను. నల్లగండ్ల దాటాక బండరాళ్ళ మధ్య రాజరాజేశ్వరిగారి గుర్రాలశాల ఉంది. ఊళ్ళో గుర్రాలున్నవాళ్ళు వాటిని ఆవిడ దగ్గర ఉంచుతారు, వాటి మీదే ఆదివారాలు పిల్లలకు నేర్పుతుంది. అరవై దాటిన మనిషి. పిల్లలందరికీ రాజక్క.

మొదటి ఆదివారం అక్కడ నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఇళ్ళల్లో తిన్న కంచం తీయని పిల్లలు తట్టల్లో గుర్రాల లద్దె ఎత్తుతున్నారు. ఎవరూ అరవరు, పరిగెత్తరు. గుర్రం దగ్గరికి వెళ్ళాలంటే ముందు పేరు పెట్టి పిలిచి, "వస్తున్నా" అని చెప్పి, అది చెవి ఇటు తిప్పేదాకా ఆగుతారు. అది నీళ్ళు తాగాకే తమ సీసాల మూత తీస్తారు. మా లోహిత్ కూడా నెల తిరిగేసరికి ఒక ఆడగుర్రం డెక్క ఒళ్ళో పెట్టుకుని రాళ్ళు ఏరుతుంటే, వీడు నేను కన్నవాడేనా అనిపించింది. ఇంటికి రాగానే మళ్ళీ "అమ్మా, నీళ్ళు". అయినా ఆ రెండు గంటలు చూడ్డానికే నేను వారమంతా ఎదురుచూసేదాన్ని.

పోయిన నెల ఒకరోజు ఆ ఆడగుర్రం, చాందిని, చిన్న కాలవ దగ్గర ఆగిపోయింది. లోహిత్ ముందుకు వంగి, వేళ్ళు మడిచి, దాని రెండు చెవుల మధ్య టక్కున మొట్టి, "మొద్దూ, నడువు" అన్నాడు. అదే మడత, అదే మాట, ఆఖరికి ఆ నవ్వు కూడా అదే.

మైదానమంతా ఆగిపోయింది. పిల్లలు ఒక్కొక్కరే గుర్రం దిగి, కళ్ళెం పట్టుకుని, పక్కన నిలబడ్డారు. వాళ్ళలో ఎనిమిదేళ్ళ ప్రియదర్శిని మావాడికి నెమ్మదిగా చెప్పింది. "అన్నా, కొట్టినోళ్ళు గేటు బయట నిలబడాలె. చాందిని ఒప్పుకుంటేనే మళ్ళ లోపలికి." వాడు తల దించుకుని వెళుతుంటే రాజక్క అడిగింది.

"గట్ల కొట్టుడు ఏడ నేర్సినవ్ బిడ్డా?"

వాడు నా వైపు చూశాడు. నా మొహం కాదు, నా నెత్తి. నాకు తెలియకుండానే చెయ్యి పాపిట మీదికి పోయింది. వీడూ ఇంతే అవుతాడు, రేపు ఇంకో పిల్ల నెత్తిన ఇదే చెయ్యి పడుతుంది అనిపించింది.

ఆ పూట చివర్లో చాందినిని గేటు దగ్గరికి తెచ్చి, దాని ముందు వాణ్ణి చెయ్యి చాచి నిలబెట్టారు. అది మొహం తిప్పేసుకుంది. ఎవరూ దాన్ని బతిమాలలేదు. పై వారమూ తిప్పేసుకుంది. ఆ పైవారం మటుకు చాలాసేపు చూసి చూసి, మెల్లగా తల వంచి వాడి అరచేతిలో ఊపిరి వదిలింది. తన్నితే మనిషి లేవని జంతువు, ఎంత నిదానంగా తేల్చుకుందో! వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. దెబ్బ తిన్నదాన్ని అడగడం అనేది కూడా లోకంలో ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇవాళ మా ఆయన ఫొటోలు తీస్తానని మొదటిసారి మాతో వచ్చారు. లోహిత్ చాందిని మీద ఉన్నాడు. వాడి టోపీ పట్టీ వదులైందని సరిచేయబోయాను. కెమెరాకు అడ్డొచ్చినట్టున్నాను, వెనక నుంచి వచ్చి టక్కున మొట్టారు. "మొద్దూ, అక్కడ నిలబడితే ఫొటో ఎట్లా వస్తుంది?"

ప్రియదర్శిని ముందు దిగింది. తర్వాత మిగతా పిల్లలు. కళ్ళేలు పట్టుకుని, చప్పుడు చేయకుండా నిలబడ్డారు. వాళ్ళు చూస్తున్నది గుర్రాన్ని కాదు, నన్ను. ఇంత చిన్న పిల్లలు, ఎవరూ చెప్పకుండా! మా ఆయన వాళ్ళు ఫొటోకి నిలబడ్డారనుకుని నవ్వారు. ఆ నవ్వుకి ఎవరూ జత కలవలేదు. నాకూ రాలేదు.

లోహిత్ దిగి వచ్చాడు. "నాన్నా, గేటు బయట నిలబడాలి."

"ఎవర్రా?"

"కొట్టినవాళ్ళు."

ఆయన మొహం ఎర్రబడింది. "ఇదేం చోద్యమండీ, సరదాకి మొట్టినదానికి" అని రాజక్క వైపు తిరిగారు. ఆవిడ, "పిల్లల రూలు సార్, నాదేం నడవదు" అంది. అప్పుడు ఆయన నా వైపు చూశారు.

"లక్ష్మీ, నువ్వైనా చెప్పు వీళ్ళకి. మనింట్లో ఇది మామూలేనని."

ఆ మాట నాకు కంఠతా వచ్చు. ఎన్ని గదుల్లో, ఎంతమంది ముందు చెప్పానో. పర్వాలేదండీ, ఆయన సరదా మనిషి అంటే చాలు, పిల్లలు గుర్రాలెక్కుతారు, ఆయన పరువు నిలుస్తుంది, లోహిత్ కూడా ఇవాళ్టితో ఈ రూలు గుర్రాలకే అని నేర్చుకుంటాడు. వాడు నన్ను కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

"మామూలేనండీ," అన్నాను. "అందుకే వెళ్ళి నిలబడండి."

ఆయన నమ్మలేనట్టు చూసి, కెమెరా మెడలోంచి తీసి, గేటు దాటి మా మారుతి కారు పక్కన నిలబడ్డారు. పిల్లలు ఏమీ జరగనట్టు మళ్ళీ ఎక్కారు. లోహిత్ మాత్రం ఎక్కలేదు.

చాలాసేపయ్యాక, "అమ్మా, నాన్నని పిలవనా?" అని అడిగాడు.

నేను గేటు వైపు చూశాను. తొందరపడకుండా, నాలోకి నేను చూసుకుని తేల్చుకున్నాను.

"నాకింకా పిలవాలని లేదురా. నువ్వెళ్ళి ఎక్కు."