రత్తాలు దాచిన ఆకలి

తెనాలి ఆసుపత్రి రెండో అంతస్తులో, లావు తగ్గించే ఆపరేషన్లు చేసే డాక్టరు గది బయట వేసినవన్నీ చేతుల కుర్చీలే. గోడవారగా ఒక బల్ల మాత్రం ఉంది. బాపట్ల హైస్కూల్లో లెక్కలు చెప్పే కుసుమకుమారి దాని కోసం వెళ్లేసరికి అప్పటికే ఒకావిడ దాని మీద కూర్చుని ఉంది. ఆవిడ కుసుమకుమారిని ఎగాదిగా చూసి పక్కకు జరిగింది.

"రండి మేడంగారూ. ఆ కుర్చీల్లో దిగితే లేవలేం. ఇందాక నేను లేస్తే కుర్చీ కూడా నాతోపాటే లేచింది" అంది.

కుసుమకుమారి నవ్వింది. తన ఒంటి గురించి ఎవరైనా మాట్లాడితే ఆమె నవ్వి చాలా ఏళ్లయింది.

ఆవిడ పేరు రత్తాలు. ఊరు నిజాంపట్నం. భర్త మస్తాన్‌రావు బోటు నడుపుతాడు. తను హార్బరులో వేలంలో చేపలు పాడుకుని, కొన్ని పచ్చివే అమ్మి, మిగిలినవి ఎండబెట్టి రేపల్లెలో దుకాణాలకు వేస్తుంది. షుగరు ఉంది. నిద్రలో గురక మధ్యలో ఊపిరి ఆగిపోతుందట. మస్తాన్‌రావు ఒడ్డున ఉన్నప్పుడు భయంతో తనూ నిద్రపోకుండా కూర్చుంటాడట. "ఆయన ఇంటికొచ్చేదే నిద్ర కోసమండీ. అది కూడా లేకుండా చేశాను" అంది రత్తాలు.

కుసుమకుమారికి షుగరు లేదు, మోకాళ్లు పోయాయి. పదో తరగతి పై అంతస్తులో ఉండటంతో, ఎన్నో ఏళ్లుగా చెబుతున్న ఆ క్లాసును ఈ ఏడు ఇంకొకరికి అప్పగించి, కింద ఆరో తరగతి పిల్లలకు కుర్చీలో కూర్చునే లెక్కలు చెబుతోంది. బోర్డు మీద రాయడం కూడా పిల్లల చేతే.

ఇద్దరికీ ఒకే రోజు ఆపరేషన్ అన్నారు. దానికి ముందు రెండు వారాలు అన్నం, రొట్టె, పప్పు ఏవీ ముట్టకూడదు. పాలల్లో కలుపుకునే పొడి, పల్చటి మజ్జిగ, కూరగాయలు ఉడికించిన నీళ్లు, గుడ్డులో తెల్లసొన, అంతే. కాలేయానికి పట్టిన కొవ్వు కరిగి అది చిన్నదైతేనే కింద ఉన్న పొట్ట అందుతుందని, లేకపోతే ఆపరేషన్ చేయలేరని డైటీషియన్ ఝాన్సీలక్ష్మి ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లకు ఒకవేళ వణుకు, చెమట లాంటివి వస్తే వెంటనే తనకు ఫోను చెయ్యాలని కూడా చెప్పింది. అది తనకు సంబంధించింది కాదు కదా అని కుసుమకుమారి చెవిని పెట్టలేదు. రత్తాలు అన్నింటికీ తలూపింది.

కిందికి వచ్చాక కుసుమకుమారే అంది: "రోజూ సాయంత్రం ఫోను చేసుకుందాం రత్తాలూ. ఒకరికొకరం తోడుంటే నోరు కట్టుకోవడం తేలిక."

"మీరు చదువుకున్నోళ్లు, మీ మనసు మీ మాట వింటుంది. నాదే వినదక్కా" అంది రత్తాలు. అప్పుడే మేడంగారు అక్క అయింది.

కుసుమకుమారికి మొదటి రెండు రోజులూ నరకమే. తల పగిలిపోయేది. భర్త బాలస్వామి ఆమె ఎదుట తినలేక కంచం పట్టుకుని పెరట్లోకి పోయేవాడు. అయినా ఆమె తట్టుకుంది. అవి శ్రమ దినాలు. చిన్నప్పటి నుంచీ ఈస్టరు ముందు ఉపవాసాలుండటం ఆమెకు అలవాటే. స్కూల్లో తోటి టీచరు ఇంట పెళ్లికి వెళ్లి, అందరూ భోజనాలకు కూర్చుంటే బయట వేపచెట్టు కింద మజ్జిగ సీసాతో నిలబడింది. లోపల్నుంచి బిర్యానీ వాసన వస్తుంటే ఆమెకు ఆకలికంటే గర్వం ఎక్కువగా కలిగింది. నా మీద నాకు ఇంత పట్టుందా అనుకుంది. ఆ సాయంత్రం అదంతా రత్తాలుకు చెప్పింది కూడా.

"నువ్వు గట్టిదానివక్కా" అంది రత్తాలు. "నాకు మా వీధిలో ఎవరింట్లో పులుసు పొయ్యెక్కినా తెలిసిపోతుంది."

"ముక్కు మూసుకో. ఈ రోజు ఏమీ తినలేదు కదా?"

"లేదక్కా."

"శభాష్."

క్లాసులో లెక్క సరిగ్గా చేసిన పిల్లలతో అనే మాట అది. ఆమె నోట్లోంచి ఊరికే వచ్చేస్తుంది. అవతల రత్తాలు సిగ్గుపడుతూ నవ్వింది.

మొదటి వారం ఇంకా పూర్తికాకముందే ఒక మధ్యాహ్నం ఇంటర్వెల్లో రత్తాలు ఫోను చేసింది. వేళకాని వేళ. వెనక గాలి హోరు, కాకుల అరుపులు. నెత్తళ్ల చేపలు ఎండబోసే చోటు నుంచి మాట్లాడుతోంది.

"అక్కా, చేతులు వణుకుతున్నాయి. చల్లగా చెమటలు పడతన్నాయి. కళ్లు మసకలేస్తున్నాయి. ఏంటో లోపల్నుంచి ఎవరో పీకేస్తున్నట్టుంది."

"ఆకలికి అందరికీ అలాగే ఉంటుంది రత్తాలూ. నాకూ ఉంది. ఆ కాసేపు ఓర్చుకుంటే అదే పోతుంది. నీడకి పోయి మంచినీళ్లు తాగు."

"అంతేనంటావా?"

"అంతే. శరీరం మనల్ని బెదిరిస్తుంది. లొంగకూడదు."

బెల్లు కొట్టారు. కుసుమకుమారి ఫోను పెట్టేసి క్లాసుకు వెళ్లిపోయింది.

సాయంత్రం ఫోనులో రత్తాలు కాసేపు నసిగి, చివరికి చెప్పింది. "తినేశానక్కా. రేకుల షెడ్డులో మా తోడికోడలు తెచ్చుకున్న క్యారేజీ ఉంటే, అన్నం మొత్తం తినేశాను. ఏం చేస్తున్నానో తెలియలేదు. తిన్నాక తేలికైంది. తర్వాత ఏడుపొచ్చింది."

కుసుమకుమారికి కోపం వచ్చింది. పెళ్లి భోజనం వదిలేసి బయట చెట్టు కింద నిలబడిన మనిషి తను. ఆ కోపం గొంతులో దాగలేదు.

"రెండు వారాలు నోరు కట్టుకోలేనిదానివి ఆపరేషన్ దాకా ఎందుకొచ్చావు? ఆ తర్వాత జన్మంతా కట్టుకోవాలి. మస్తాన్‌రావు నీ కోసం నిద్ర మానుకుని కూర్చుంటున్నాడన్నావు. ఆయన కోసమైనా ఉండలేవా?"

అవతల గాలి చప్పుడే వినిపించింది.

"ఉంటానక్కా. ఇంక తినను" అంది రత్తాలు.

మర్నాటి నుంచి ఏ సాయంత్రం అడిగినా ఒకటే జవాబు. బాగానే ఉన్నానక్కా. ఏమీ తినలేదక్కా. వణుకు రావట్లేదా అంటే, పోయిందక్కా, నువ్వన్నట్టే పోయింది. కుసుమకుమారి శభాష్ అనేది. తన మాట ఒక మనిషిని నిలబెట్టిందని మురిసిపోయింది. ఆదివారం చర్చి స్త్రీల సమాజంలో ప్రార్థన అయ్యాక రత్తాలు సంగతి పేరు చెప్పకుండా అందరికీ చెప్పింది. కొంచెం గట్టిగా చెబితే ఎవరైనా మారతారని అంది.

ఆపరేషన్ రోజు ఇద్దరూ పక్కపక్క మంచాల మీద ఆకుపచ్చ గౌన్లలో కూర్చున్నారు. నర్సు వచ్చి, చెప్పినట్టే ఆహారం తీసుకున్నారా అని అడిగింది. కుసుమకుమారి అవునంది. రత్తాలు ఒక్క క్షణం ఆమె వంక చూసి, తనూ అవునంది. ముందుగా కుసుమకుమారిని తీసుకెళ్లారు. చక్రాల బండి కదులుతుంటే రత్తాలు చెయ్యి చాచి ఆమె చెయ్యి నొక్కింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. భయం కాబోలు అనుకుంది కుసుమకుమారి.

మర్నాడు నెమ్మదిగా నడవమని నర్సు లేపినప్పుడు, వరండాలో మస్తాన్‌రావు కనిపించాడు. కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఎండకు నల్లబడ్డ మనిషి, సన్నగా, పొడుగ్గా.

"రత్తాలుకి ఎలా ఉందండీ?" అని అడిగింది.

"చెయ్యలేదమ్మా" అన్నాడు. "గాట్లు పెట్టి లోపల కెమెరాతో చూశారంట. కాలేయం ఉబ్బి పొట్టని కప్పేసిందంట. పక్కకి నెడితే చిట్లి రక్తం పోద్దని, మళ్లీ కుట్టేశారు."

కుసుమకుమారి గోడ పట్టుకుని గదిలోకి వెళ్లింది. రత్తాలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. ఆ సమయంలో ఏ మాట అన్నా సరిపోయేది. ఊరికే నిలబడినా సరిపోయేది. ఆమె నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది:

"తిన్నావా రత్తాలూ?"

రత్తాలు తిరగలేదు. "తిన్నానక్కా" అంది. దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

ఇంటికి వచ్చాక కుసుమకుమారి చాలాసార్లు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయేది. మొదట్లో ఆమెకు కొంచెం చిరాకే వేసింది. తప్పు చేసిందీ తనే, అలిగిందీ తనే అని బాలస్వామితో అంది.

నెల తిరిగాక డాక్టరుకు చూపించుకోవడానికి తెనాలి వెళ్లింది. ఝాన్సీలక్ష్మి బరువు చూసి సంతోషించింది. మాటల మధ్యలో రత్తాలు ప్రస్తావన వచ్చింది.

"ఆవిడ మళ్లీ రాలేదండి. ఆవిడ ఆహారం మానడం కాదు, ముందు మాత్ర తగ్గించాల్సింది. తిండి తగ్గి, మాత్ర అంతే వేసుకుని, ఎండలో ఆ పని చేస్తే షుగరు పడిపోతుంది. అప్పుడు ఎవరైనా తినాల్సిందే, తినకపోతే పడిపోతారు. పాపం, రోజూ మధ్యాహ్నం వణుకొచ్చేదట. ఆపరేషన్ ఆగిపోయాక చెప్పింది, మాత్ర మార్పిద్దాం రమ్మంటే రాలేదు. ఒక్కసారి నాకు ఫోను చేసి ఉంటే, డాక్టరు గారితో చెప్పి ఆ పూటే మార్పించేదాన్ని. ఎందుకు చేయలేదంటే, నాకే ఓపిక లేదనుకున్నానండీ అంది."

కుసుమకుమారి లేచి నిలబడింది. వెళ్లొస్తానని చెప్పిందో లేదో ఆమెకు గుర్తు లేదు. స్టేషన్లో బాపట్ల వైపు బండి వచ్చి నిలబడితే ఎక్కలేదు. తర్వాత వచ్చిన రేపల్లె ప్యాసింజర్ ఎక్కింది. భట్టిప్రోలు దాటేదాకా ఆ మధ్యాహ్నపు ఫోను మాటలే ఆమె చెవుల్లో తిరిగాయి. శరీరం బెదిరిస్తుంది, లొంగకూడదు. తనే అంది. ఆ రోజు తనకు ఫోను వచ్చింది. వణుకని, చెమటని పేరుపెట్టి మరీ చెప్పింది రత్తాలు. రేపల్లెలో దిగి ఆటోలో నిజాంపట్నం చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

రత్తాలు ఇంటి ముందు నీడలో మంచం మీద కూర్చుని ఉంది. కుసుమకుమారిని చూసి లేవబోయి, మోకాలి మీద చెయ్యి ఆనించి మళ్లీ కూర్చుంది.

"సన్నబడ్డావక్కా" అంది. నిజంగానే సంతోషించింది. అదే కుసుమకుమారికి ఎక్కువ బాధనిపించింది.

పక్కన కూర్చుని ఝాన్సీలక్ష్మి చెప్పిందంతా చెప్పింది. "నీకు ఓపిక లేక కాదు రత్తాలూ. షుగరు పడిపోయింది. నువ్వు నాకు చెప్పావు. నేనే నిన్ను ఓర్చుకోమన్నాను. ఆవిడకి ఫోను చెయ్యమని ఒక్క మాట అనలేకపోయాను. తర్వాత తిట్టాను కూడా."

రత్తాలు చీర చెంగు వేలికి చుట్టుకుంటూ విన్నది.

"తిట్టావని కాదక్కా నేను దాచింది" అంది చివరికి. "నన్ను చిన్నప్పుడే బడి మాన్పించారు. నన్ను ఎవరూ శభాష్ అన్లేదు. సాయంత్రమయ్యేసరికి నువ్వు ఫోన్లో ఆ మాట అనేదానివి గదా. తిన్నానని చెబితే అది ఉండదని, తినలేదని చెప్పేదాన్ని. పొద్దున్నే అనుకునేదాన్ని, ఈ రోజు నిజంగా తినకుండా ఉండి ఆ మాట అనిపించుకుంటానని. మధ్యాహ్నానికి వణుకొచ్చేది."

కుసుమకుమారి ఆమె చెయ్యి పట్టుకుంది. "మళ్లీ వెళ్దాం. నేను దగ్గరుండి తీసుకెళ్తాను. మాత్ర సరిచేస్తే ఈసారి కష్టం ఉండదు."

"వద్దక్కా. గాట్లు పెట్టి ఊరికే కుట్టేసి పంపారని ఊరంతా చెప్పుకున్నారు. ఆయన కూడా ఇంక వద్దన్నాడు. నాకూ ధైర్యం పోయింది. నన్ను నేను నమ్మలేను ఇంక."

"అది నీ తప్పు కాదని చెబుతున్నాను కదా."

"తెలిసింది. ముందే తెలిస్తే బాగుండేది" అంది రత్తాలు. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. కోడల్ని పిలిచి టీ పెట్టమంది.

రేపల్లెలో డాక్టరు దగ్గరికి వెళ్లి మాత్ర మార్పించుకోవడానికి మాత్రం ఒప్పుకుంది. ఆ వారమే కుసుమకుమారి మళ్లీ వచ్చి తీసుకెళ్లింది. వణుకు తగ్గింది. గురక తగ్గలేదు, మోకాళ్ల నొప్పి తగ్గలేదు. వానలు మొదలయ్యేసరికి రత్తాలు హార్బరులో వేలాలకు వెళ్లడం మానేసి, బేరం తోడికోడలికి అప్పగించింది. మస్తాన్‌రావు వేటకు వెళ్లినప్పుడు కోడలు రత్తాలు మంచం పక్కన పడుకుంటోంది.

కుసుమకుమారి జూన్‌లో మెట్లెక్కి పదో తరగతికి వెళ్లింది. బోర్డు మీద తనే రాసింది. స్టాఫ్ రూములో అందరూ మెచ్చుకున్నారు. మీ పట్టుదల మాకుంటే ఎంత బాగుండునండీ అన్నారు. చర్చిలో ఒకావిడ తన అక్కకు కూడా అదే ఆపరేషనని, నాలుగు ధైర్యం మాటలు చెప్పమని అడిగింది. కుసుమకుమారి ఆమెకు ఝాన్సీలక్ష్మి నంబరు ఇచ్చి, ఒంట్లో ఏ చిన్న తేడా వచ్చినా ముందు ఆమెకే చెప్పమంది. తన నంబరు అడిగినా ఇవ్వలేదు. ఆవిడ కొంచెం నొచ్చుకుంది.

పిల్లలు లెక్క సరిగ్గా చేస్తే తలూపుతుంది. ఆ పాత మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

ఆదివారాలు రత్తాలుకు ఫోను చేస్తుంది. ఇప్పుడు రత్తాలు తీస్తుంది. బోట్లు ఎప్పుడు వచ్చాయో, రొయ్యలు ఎలా పడుతున్నాయో, కోడలికి ఎన్నో నెలో చెబుతుంది. ఇద్దరూ తిండి మాట ఎత్తరు. కాసేపయ్యాక మాటలు అయిపోతాయి.

"ఉంటానక్కా. పొయ్యి మీద పులుసుంది" అంటుంది రత్తాలు.

"సరేలే, వెళ్లు" అంటుంది కుసుమకుమారి.