సగం అల్లిన తల

కొట్టు పెట్టిన రోజు న్గోసా చేతిలో ఉన్నవి ఇవి: రెండు దువ్వెనలు, తల్లి ఇచ్చిన పొడుగు బల్ల, మూల పగిలిన అద్దం, ఒకప్పుడు నడుముకు చుట్టుకుని ఇప్పుడు గుమ్మానికి వేలాడదీసిన పాత చితెంగే గుడ్డ. ఇంకొకటి కూడా ఉంది గాని అది కంటికి కనిపించే సరుకు కాదు. ఆ గుడ్డ దించాక లోపల అన్న మాట బయటకు పోదు. రాగి గనుల ఊరు కిట్వేలోని చిమ్వెమ్వే బజారులో జడలల్లే కొట్లు వరసగా ఉన్నాయి. అందరి దగ్గరా అదే సవరం, అదే ధర. అయినా ఆడవాళ్ళు వాటన్నిటినీ దాటుకుని ఇక్కడికి వచ్చేది ఆ కనిపించని సరుకు కోసమే. సన్నజడలు అల్లాలంటే పూటంతా పడుతుంది. ఎదుటివాళ్ళ మొహం చూడకుండా, తల ఒకరి చేతుల్లో పెట్టి అంతసేపు కూర్చుంటే ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది.

గనిలో పని పోయాక ఆమె భర్త కపాసా వచ్చి గుమ్మం లోపల కుర్చీ వేసుకున్నాడు. "ఇంతమంది ఆడాళ్ళు, ఒక్క మగదిక్కు లేదు. ఎవడైనా దూరితే?" అన్నాడు. తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. పొద్దున్నే అతని స్నానానికి నీళ్ళు కాచి, మొక్కజొన్న పిండితో న్షిమా కెలికి, ఆకుకూర వండి, గిన్నెలు తోమి, అప్పుడొచ్చి నిలబడి ఆమె జడలల్లితే, సాయంత్రం అతను ఇరుగుపొరుగుతో "మా కొట్టు బాగా నడుస్తోంది" అనేవాడు. ఆ 'మా' ఆమెకు మొదట్లో ముద్దుగానే వినిపించింది. బల్ల మీద మాటలు తగ్గడం ఆమె గమనించకపోలేదు. "నీ దగ్గరికొస్తే చర్చికొచ్చినట్టుందే, నోరు కట్టేసుకుని కూర్చోవాలి" అని ఒకావిడ అననే అంది. కానీ లేచి వెళ్ళమని అతనికి చెప్పడమెలా? మొగుణ్ణి ఎండలో కూర్చోబెట్టిన ఆడదని బజారంతా అనుకోదా? ఆ మాట పడటంకంటే కుర్చీ ఉండటమే చవక అనుకుంది. బేరం అక్కడే తప్పింది.

పోయిన శనివారం ముసొండా టీచరు పాత జడలు విప్పించుకోవడానికి వచ్చింది.

"మా బడిలో ఆడపిల్లల కోసమని ఒక గది కట్టారక్కా. తలుపు మీద 'ఇక్కడ మీకు భయం లేదు' అని రంగులతో రాశారు. తాళం మాత్రం హెడ్మాస్టరు జేబులో ఉంటుంది."

న్గోసా నవ్వింది. ముసొండా నవ్వలేదు. కుర్చీ వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆయన వింటాడేమో."

"రేడియో చెవి దగ్గర పెట్టుకున్నాడంటే పిడుగు పడ్డా వినపడదు. నా మొగుడేగా, చెప్పు."

ముసొండా చెప్పింది. హెడ్మాస్టరు ఏ పిల్లల్ని ఆ గదిలోకి పిలుస్తున్నాడో, తలుపు ఎందుకు మూస్తున్నాడో. ఇద్దరు పిల్లలు తనతో జిల్లా విద్యా కార్యాలయానికి వచ్చి నోరు విప్పుతామన్నారట. వచ్చే సోమవారం కాదు, ఆ పై సోమవారం. అందాకా ఎవరికీ తెలియకూడదు.

ఈ శనివారం ఆ సోమవారం కోసమే అల్లించుకోవడానికి వచ్చింది. ఎడమవైపు పూర్తయింది. కుడివైపు పాపిట తీస్తుండగా కపాసా రేడియో తగ్గించాడు.

"టీచరమ్మా, నీకా ఆఫీసుల చుట్టూ తిరిగే పని తప్పిందిలే. మొన్న బార్లో మీ హెడ్మాస్టరుతో నేనే మాట్లాడాను. మంచి మనిషి. ఆ పిల్లల ఇళ్ళకెళ్ళి తనే సర్దిచెప్తానన్నాడు. నాకో సీసా కూడా పోయించాడు."

న్గోసా వేళ్ళ కింద ఆ తల బిగుసుకుపోయింది.

"అందుకా, నిన్న ఇద్దరూ బడికి రాలేదు," అంది ముసొండా, ఎవరితోనో అన్నట్టు. లేచి, న్గోసా మొహం ఒక్కసారి చూసి, గుడ్డ తప్పించుకుని వెళ్ళిపోయింది. తలకు ఏమీ కట్టుకోలేదు. ఒకవైపు నున్నటి జడలు, ఇంకోవైపు చెదిరి లేచిన జుట్టు. "టీచరమ్మా, మిగతా సగం అప్పు పెట్టారా?" అని టమాటాలమ్మే ఆవిడ అడగడం, బజారు నవ్వడం లోపలికి వినబడ్డాయి.

"దీనికంత పౌరుషమేంటి?" అన్నాడు కపాసా. "నేను చేసింది సాయమేగా. నువ్వే చెప్పు."

న్గోసా తల ఎత్తలేదు. సిగ్గుతో చెవుల దాకా కాలిపోతోంది. ఆ సిగ్గు అతని కోసం కాదు. అతను తనకు తెలిసిన పనే చేశాడు. 'నా మొగుడేగా, చెప్పు' అని హామీ ఇచ్చిందెవరు? బల్ల మీద మాటలు తగ్గినా చూడనట్టు దువ్వెన ఆడించిందెవరు? తలుపు మీద రాతా, జేబులో తాళమూ అంటే నవ్వింది తనే. తన గుమ్మానికి గుడ్డ ఉందని గర్వపడుతూ నవ్వింది. తన కొట్టు తాళం ఎవరి జేబులో ఉందో అప్పుడు గుర్తు రాలేదు.

దువ్వెనలు రెండూ, మిగిలిన సవరమూ సంచిలో వేసుకుంది.

"ఎక్కడికి?"

"సగం పని మిగిలింది."

"మరి కొట్టో?"

"నీ జేబులో ఉందిగా."

ముసొండా తన ఇంటి తలుపు ఓరగా తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"లోపలికి రానివ్వమని అడగను," అంది న్గోసా. "ఇక్కడే మెట్ల మీద అల్లుతాను. నువ్వేమీ మాట్లాడక్కర్లేదు. పిల్లలు వస్తారో రారో గాని సోమవారం నేనొస్తాను. ఆ సంగతి హెడ్మాస్టరు చెవిన వేసిందెవరో, ఎక్కడ విన్నాడో, వినేలా కూర్చోబెట్టిందెవరో అక్కడ నేను చెప్తాను. నా మొగుడి పేరూ చెప్తాను, నా పేరూ చెప్తాను."

"బజారంతా ఉమ్ముతుంది నీమీద."

"నీ వెనకాల నవ్వింది గదా. నా వంతు కూడా రానీ."

ముసొండా లోపలికెళ్ళి చిన్న పీట తెచ్చి మెట్టు మీద వేసుకుని, చెదిరిన జుట్టు న్గోసా చేతికందేలా, ఆమెకు వీపు తిప్పి కూర్చుంది.

బల్ల, అద్దం, గుమ్మం గుడ్డ, తాళంచెవి అతని దగ్గర ఉండిపోయాయి. న్గోసాకు దక్కింది ఆ వీపు.