నేను నాటిన నెరె మొక్క

మా ఊళ్లో నెరె చెట్టును ఎవరూ నాటరు. తనంతట తాను మొలిస్తే నాగలి పక్కకు తిప్పి కాపాడుకుంటారు. నాటినవాళ్లకు ఆ చెట్టు తొలికాపుతో ఆయువు తీరుతుందని పెద్దలు అంటారు. పైగా చెట్టు ఎవరు నాటితే నేల వాళ్లదవుతుంది. అందుకే అడిగి పుచ్చుకున్న పొలంలో నాటితే ఆ పొలం వెనక్కి లాక్కుంటారు.

నాది అలాంటి పొలమే. నా భర్త పోయాక ఆయన అన్న జాంటిగి దయతలచి ఇచ్చాడు. దాని గట్టున ఉన్న ముసలి నెరె చెట్టు గింజలను ఉడికించి, పొట్టు తీసి, పులియబెట్టి, సుంబలా ముద్దలు చేసి సికాసో సంతలో అమ్ముతాను. ఆ ఘాటు లేకుండా మా వైపు ఏ పులుసూ పొయ్యి దిగదు. జాంటిగి కోడళ్లు కూడా ఆ పని నా దగ్గరే నేర్చుకుంటున్నారు. కానీ చెట్టు కొసల నుంచి ఎండుతూ వస్తోంది. ఇంకొన్నేళ్లు నెట్టుకొస్తుందేమో. ఆ తర్వాత వాళ్లకు గింజ ఏది?

నెరె గింజ తోలు మహా గట్టిది. కాగే నీళ్లు పోసి, వెంటనే చల్లార్చి, నానబెట్టి పాతాను. మొలిచింది. మేకలు కొరక్కుండా చుట్టూ ముళ్లకంప కట్టాను. చావు మాట నేను పూర్తిగా నమ్మనూ లేదు, కొట్టిపారేయనూ లేదు.

వానలు మొదలయ్యాయి. జాంటిగి పొలానికి వస్తున్నాడని చెప్పడానికి పక్క పొలం సితాన్ పరుగెత్తుకొచ్చింది. ఆమె దియారాల ఆడపడుచు, నేను త్రావొరేల ఆడపడుచుని. ఆ రెండు ఇంటిపేర్లకూ పరాచికాల వరస.

"ఏమే, బొబ్బర్లు మెక్కేదానా! గబ్బిలం గింజ రాల్చిందని చెప్పి ఊరుకో."

"కంప కూడా గబ్బిలమే కట్టిందంటావా?"

"కట్టే ఉంటుంది. మీ త్రావొరేల కన్నా గబ్బిలానికే బుర్ర ఎక్కువ!"

నవ్వుతూనే దారివైపు చూశాను.

జాంటిగి వచ్చి, కంప పక్కకు లాగి, మొక్కను చూశాడు. భుజం మీది పార దించాడు.

"ఎవరు నాటారు దీన్ని?"

సితాన్ నా మోచేయి గిల్లింది.

"నేనే, బావగారూ."

"నీకు మతి పోయిందా? నేల ఇచ్చింది పండించుకు తినమని. రేపు ఇది నాదే అంటే నా కొడుకులకి ఏం చెప్పను?"

"ఇది కాసిన ఏడు నేను పోతానని మీరే అంటారు కదా. పోయినదాన్ని నేలెలా అడుగుతాను? చెట్టూ కాయలూ మీ కోడళ్లకే. పులుసు మీకే."

జాంటిగి పార కాడను రెండు చేతులతో పట్టుకున్నాడు. నా భర్తను మట్టిలో దించిన చేతులవి. పార పక్కన పెట్టి వంగి, లాగేసిన కంపను తానే మళ్లీ సర్దాడు. ముల్లు గుచ్చుకుంటే మేకల్ని తిట్టాడు. పార ఎత్తుకుని నాలుగడుగులు వేసి ఆగాడు.

"మరదలా!"

"ఊఁ, బావగారూ."

"దానికి నీళ్లు మరీ ఎక్కువ పొయ్యకు. నిదానంగా పెరగనీ."