పొయ్యి పక్క చోటు

నా కోడలు జిపార్ సంచి సర్దుకుంటోంది. రెండు గౌన్లు, పుట్టబోయే బిడ్డకి ఉన్ని టోపీ, దారిలో నమలడానికి ఎండు పెరుగు ఉండలు. కనుమ మంచుతో మూసుకుపోకముందే పట్నంలో తన అక్క గుల్సున్ ఇంటికి చేరి, అక్కడే కాన్పు అయ్యాక రావాలని.

"అత్తమ్మా, బ్యాటరీ పొయ్యి పక్కనే ఉండాలి. పొద్దున్నే చెయ్యి పెట్టి చూడండి. గడ్డకట్టినట్టుంటే సోలార్ తీగ తగిలించనివ్వకండి. చల్లబడ్డదాన్లోకి కరెంటు ఎక్కిస్తే చస్తుంది. పోయినేడు మీ అబ్బాయి ఒకదాన్ని చంపాడుగా."

"నేనేం చంపలేదు. అదే పోయింది," అన్నాడు నా కొడుకు మెలిస్, గుమ్మం దగ్గర జీను సరిచేస్తూ.

"గొర్రె అయితే అరిచి చెబుతుంది. ఇది చెప్పదు."

మా ఇంటి కప్పు మీద సిగ్నల్ పట్టే పెట్టె ఆ బ్యాటరీతోనే నడుస్తుంది. అది లేకపోతే ఈ లోయలో ఫోను చెక్కముక్కతో సమానం. జిపార్ కబురుకంతా అదే ఆధారం.

సంచి నా చేతిలోనే ఉండిపోయింది. ఎవరు బయల్దేరినా నాకింతే, వేళ్లు వదలవు.

"ఇవ్వండి అత్తమ్మా. బిడ్డనెత్తుకుని వస్తానుగా," అంది నవ్వుతూ.

రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. ఫిబ్రవరిలో మంచు తుఫాను పట్టుకుంది. ఎండ లేదు. బ్యాటరీ ఖాళీ అయింది, ఫోన్లు ఆరిపోయాయి. సరిగ్గా అప్పుడే గొర్రెలు ముందుగా ఈనడం మొదలెట్టాయి. మెలిస్ తడిపిల్లల్ని చంకలో పెట్టుకొచ్చి పొయ్యి పక్కన దింపాడు. బ్యాటరీని తలుపు వైపు గోడకి జరిపాడు.

"ఎలాగూ ఖాళీదేగా అమ్మా. ఇవి చస్తే ఎలా?"

నేనూ ఏమీ అనలేదు. పొయ్యి పక్క చోటు పిల్లలదే. నేను పుట్టకముందు నుంచీ అంతే.

తుఫాను ఆగిన పొద్దున కళ్లు చెదిరే ఎండ కాసింది. మెలిస్ సోలార్ పలకల మీద మంచు దులిపి, తీగ పట్టుకుని వచ్చాడు.

"ఈపాటికి నొప్పులు వచ్చుంటాయి. తగిలించేస్తా."

"ముందు చెయ్యి పెట్టి చూడు."

పెట్టాడు. తీసేశాడు. తీగ కింద పడేశాడు.

"ఇప్పుడు తగిలిస్తే ఇదీ పోతుంది. దారి తెరిచేదాకా మళ్లీ కబురుండదు," అన్నాను.

గుర్రం మీద వెళ్దామంటే బయట మంచు దాని రొమ్ముదాకా ఉంది. గొర్రెపిల్లల్ని పక్కకి తోసి, బ్యాటరీని పొయ్యి దగ్గరకి లాక్కొచ్చాం. వాళ్ల నాన్న గొర్రెతోలు కోటు చుట్టి, నేను దాన్ని కరుచుకుని కూర్చున్నాను.

"నాన్ననైనా ఇలా పట్టుకున్నావా ఎప్పుడైనా?"

"ఆయన కుదురుగా కూర్చుంటేగా."

ఇద్దరం నవ్వాం. వాడు మాటిమాటికీ కోటు కిందకి చెయ్యి దూర్చి చూసేవాడు. ఇంకా చల్లగానే ఉంది అనేదాన్ని. పిడకలు వేస్తూనే ఉన్నాం. మధ్యాహ్నం దాటాక గానీ దానికి వెచ్చదనం పట్టలేదు. తీగ తగిలించాం. బ్యాటరీ మీద పచ్చదీపం వెలిగింది. కాసేపటికి ఫోను లేచి, ఒకదాని మీద ఒకటి మోగింది.

మొదటిది జిపార్ గొంతు. పొద్దున పంపింది. "ఆడపిల్ల. ఏమయ్యారు మీరంతా? బ్యాటరీని చలిలో పడేశారు కదూ. ఒక్కసారి ఎత్తండి, మీ గొంతు వినాలని ఉంది."

రెండోది కూడా తనదే. బాగా నీరసంగా ఉంది. "చలేస్తోంది. ఎత్తరేం?"

తర్వాత అన్నీ గుల్సున్‌వి. నెత్తురు ఆగడం లేదని ఒకటి. డాక్టర్లు లోపలికి తీసుకెళ్లారని ఒకటి. చివరిదాంట్లో ఏడుపు తప్ప మాట లేదు.

మెలిస్ మొదటిదాన్ని మళ్లీ పెట్టాడు. మళ్లీ. నేను కోటు మడత పెట్టాను, ఇంకేం చెయ్యాలో తెలియక. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. బ్యాటరీ నిండుతూనే ఉంది.

దారి తెరిచాక, మార్చిలో, పాపని గుల్సున్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. జిపార్ రాలేదు. ఫిబ్రవరి పదిహేడున, మేం తీగ తగిలించకముందే పోయింది.