తెర చాటు హారతి

బడిలో నీళ్లు పోసే మొగులమ్మకు నాటకాల పట్టింపు ఎన్నడూ లేదు. కానీ సంగారెడ్డి బడి వార్షికోత్సవానికి విఠల్ సారు రాసిన అభిమన్యుడి పద్యనాటకంలో అతని భార్య ఉత్తర రంగం మీదికే రాదు. తెర చాటు నుంచి హారతి పళ్లెం పట్టుకున్న చెయ్యి ఒక్కటే కనబడుతుంది. నేల మీద గీసిన గుండ్రటి ముగ్గే పద్మవ్యూహం, దీపమే ఉత్తర. కొత్త పద్ధతట! ఆ చెయ్యి మాత్రం ముత్తయిదువదే కావాలని సారు పట్టుబట్టి మొగులమ్మను పిలిపించాడు.

ఆమె ముత్తయిదువతనం మీద ఊళ్లో గుసగుసలు లేకపోలేదు. పోలీసు చర్య అయిన ఏడు పెనిమిటి యాదన్న బొంబాయి మిల్లుకు పోయాడు. ఎనిమిదేళ్లాయె, ఉత్తరం లేదు, కబురు లేదు. బొట్టు తీయమన్నవాళ్ల నోళ్లు ఆమె ఒక్క మాటతో మూయించేది: "పోయొస్త అన్నడు. అన్నోడు రాకపోతడా?"

తహసీల్ కచేరీలో నకళ్లు రాసే ఖదీర్ అభిమన్యుడు. రిహార్సల్లో దీపానికి దండం పెట్టి, "పోతున్నాను ఉత్తరా, పోతున్నాను" అన్నాడు. తెర చాటు నుంచి మొగులమ్మ అడ్డుపడింది.

"గట్లనొద్దు తమ్మీ! గడప దాటేటోడు పోయొస్త అనాలె."

"వాడు మళ్ల రాడు గద మొగులమ్మా," అన్నాడు సారు. "ఆ ఒక్క మాటలనే నా నాటకమంత ఉన్నది. మారిస్తే ఛందస్సు కరాబైతది."

"మనిషి ఏమైనా మంచిదే గని, మీ ఛందస్సు కరాబు గావొద్దు!" అని పళ్లెం కింద పెట్టి బయటికి నడిచింది.

ఖదీర్ వెంట వచ్చాడు. "ఒక్క మాటకు ఇంత పరేషాన్ ఏందక్కా?"

మొగులమ్మ బావి గట్టు మీద కూలబడింది. "ఆయన పోయొస్త అనలే తమ్మీ. ఆ పొద్దు కొట్లాడినం. పోతున్న అన్నడు. నేను మూతి తిప్పుకొని కూసున్న. పోయొస్త అనుమని ఒక్క మాట అడగకపోతి. ఎవలకు చెప్పకు."

పళ్లెం పట్టనంటే, ముత్తయిదువ కాదనడానికి ఊరికి సాకు దొరుకుతుంది. అందుకే వార్షికోత్సవం సాయంత్రం మళ్లీ తెర చాటున నిలబడింది. శంఖం మోగింది. ఖదీర్ ముగ్గు దాకా వచ్చి ఆగాడు, ఆ గాజుల చేతిని చూశాడు. ఛందస్సును గాలికొదిలేసి, "పోయొస్త," అన్నాడు.

సారు తల పట్టుకున్నాడు. మొగులమ్మకు మాత్రం దుఃఖం ఆగలేదు. ఎనిమిదేళ్లుగా ఆ మాట కోసమే ఆమె చెవులు కాచుకుని ఉన్నాయి.

"మంచిది. జల్దీ రా," అంది, పందిరంతా వినేటట్టు.

అభిమన్యుడు ముగ్గు దాటి లోపలికి పోయాడు. అతను తిరిగి రాడని తెలియనివాళ్లు ఆ పందిట్లో ఒక్కరూ లేరు. మొగులమ్మకూ తెలుసు. అయినా దీపం కొండెక్కకుండా కొంగు అడ్డం పెట్టుకుని, నాటకం అయిపోయేదాకా అట్లాగే నిలబడింది.